దుర్గవ్వకు పంపిన చీర

పోయిన వారం సిల్వియాను గగన్‌పహాడ్‌లో ఒక రేకుల ఇంటి ముందు, మండే ఎండలో, పళ్ళు కొరుకుతూ నిలబెట్టి వదిలేశాం. వారం పాటు అలా నిలబడ్డ మనిషికి కోపం చల్లారుతుందనుకుంటే పొరపాటే. ఇంకాస్త కాగి ఉంది.

మధ్యలో వచ్చి కూర్చున్నవారి కోసం రెండు మాటలు చెప్పి లోపలికి వెళ్దాం. సిల్వియా బాపట్ల పిల్ల, శంషాబాద్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. భర్త ప్రేమ్ రాజ్ బోర్లు వేసే లారీ మీద మెకానిక్. నీళ్ళు ఎక్కడ పడకపోతే అక్కడ అతనుంటాడు కాబట్టి, ఇంట్లో ఎప్పుడూ ఉండడు. ప్రస్తుతం ఒరిస్సాలో ఉన్నాడు. మూడేళ్ళ కూతురు షెకీనాను, నిజం చెప్పాలంటే షెకీనా తల్లిని కూడా, చూసుకునేది ఆయా దుర్గవ్వ. ఆ దుర్గవ్వకు కామెర్లు వచ్చాయి. ఆఫీసులో తమకు ఉన్నట్టే ఆమెకూ మెడికల్ లీవు ఉండాలని సిల్వియా తీర్మానించింది. పక్కింటి ప్రేమావతమ్మ ముక్కు మీద వేలేసుకున్నా వినకుండా, పని చేయని నెలకు పూర్తి జీతం, దానితో పాటు ఒక కొత్త చీర, లైన్‌మన్ సత్తయ్య చేత పంపించింది. పిల్లను చూసుకోవడానికి తన సెలవులన్నీ తానే వాడేసుకుంది. దుర్గవ్వకు జబ్బు తగ్గింది. కానీ దుర్గవ్వ రాలేదు. పైగా శంషాబాద్‌లోనే కట్టెల అడితి వాళ్ళింట్లో, మసర్రత్ బేగం కోడలికి పుట్టబోయే బిడ్డను ఎత్తుకోవడానికి ఒప్పుకుందని సత్తయ్యే కబురు తెచ్చాడు. సెలవులు రేపటితో సరి. సోమవారం పొద్దున సిల్వియా డ్యూటీలో ఉండాలి. షెకీనాను ప్రేమావతమ్మకు అప్పగించి, సిల్వియా బస్సెక్కింది అందుకే.

ఇక తలుపు తడదాం.

తట్టనక్కర లేకపోయింది. తలుపు బార్లా తీసే ఉంది. గది మధ్యలో చాప వేసుకుని దుర్గవ్వ బొంత కుడుతోంది. పాత చీరల ముక్కలు, చుట్టూ ఎర్రదారంతో కుట్టు. చంటిపిల్లల బొంత. పెద్దవాళ్ళకు సరిపోయేదే అయితే సిల్వియాకు అంత మండేది కాదేమో. షెకీనా ఇప్పటికీ కప్పుకుని పడుకునే బొంతకూ ఇదే ఎర్రదారం, ఇదే కుట్టు.

"బాగానే ఉన్నావు కదా దుర్గవ్వా," అంది సిల్వియా గుమ్మంలోంచే.

దుర్గవ్వ తలెత్తింది. సూది వేలికి గుచ్చుకున్నట్టుంది, వేలు నోట్లో పెట్టుకుంది. లేవబోయి, గోడ పట్టుకుని లేచింది. మనిషి సగమైపోయింది. బుగ్గలు లోపలికి పోయాయి. కళ్ళలో పసుపు పోయింది గానీ, కళ్ళ కింద నలుపు దిగింది.

"అమ్మా... నువ్వా! ఎండల వడి వచ్చినవా? పిల్ల ఏది? ఎవరి తాన ఇడిసిపెట్టినవ్?"

"అది నీకెందుకు?"

అన్నాక సిల్వియాకే బాధ కలిగింది. అయినా తగ్గలేదు. దారి పొడుగునా బస్సులో కూర్చుని కూర్చుకున్న మాటలు ఇంకా చాలా ఉన్నాయి.

"నీకు జబ్బు చేస్తే నేనేమైనా తక్కువ చేశానా చెప్పు. ఏ ఇంట్లోనైనా పనిమనిషికి సెలవిచ్చి జీతం ఇస్తారా? కాలనీలో అందరూ నవ్వారు. ప్రేమావతమ్మ గారు ఇలాంటివి అలవాటు చేయొద్దమ్మా అని నా మొహం మీదే అంది. నువ్వు తిరిగి వస్తావనే కదా నేను ఇంట్లో కూర్చున్నాను! తీసుకున్నదంతా తీసుకుని, లేవగలిగిన రోజే ఇంకో ఇల్లు చూసుకుంటావా? ఒక్క మాట నాకు చెప్పాలనిపించలేదా?"

దుర్గవ్వ వెళ్ళి మూలనున్న బిందెలోంచి స్టీలు గ్లాసుతో నీళ్ళు ముంచి తెచ్చింది. ఇవ్వబోయి ఆగింది.

"మంచి గ్లాసే అమ్మా. కండ్లు పచ్చగై పసిరికెలైనప్పటి సంది నా గ్లాసు యేరే పెట్టుకున్న. ఇది సలసల కాగిన నీళ్ళతోని కడిగిన."

గొంతు ఎండిపోయి ఉంది సిల్వియాకు. గ్లాసు అందుకుంది గానీ నోటి దాకా తీసుకెళ్ళలేకపోయింది. ఇంట్లో చిన్నపిల్ల ఉంది, ఆ వైపు వెళ్ళొద్దు, అక్కడ ఏమీ తాగొద్దు అని డాక్టరు చెప్పిన మాట ఒకటి అడ్డం వచ్చింది. ఆ మాట పట్టుకునే ఇన్నాళ్ళూ ఇటు రాకుండా సత్తయ్యను పంపింది. గ్లాసు చేత్తో పట్టుకునే చాప అంచున కూర్చుంది. దుర్గవ్వ అది గమనించింది. గమనించనట్టు బొంత మడిచి పక్కన పెట్టింది. పిల్లల ముందు పెద్దవాళ్ళు చూసీ చూడనట్టు ఉంటారే, అలా.

"అమ్మా, ఒక్కటడుగుత. కోపం జేయకు," అంది మెల్లగా. "నా నుంచి ఏం తప్పయింది?"

"తప్పా? నీ తప్పని ఎవరన్నారు?"

"మరెందుకు తీసేస్తివి నన్ను?"

సిల్వియా ముందుకు వంగింది.

"నేను తీసేశానా? ఎవరు చెప్పారు నీకు? సత్తయ్య అన్నాడా ఆ మాట?"

"సత్తయ్య పాపం ఏమంటడు? ఇచ్చిందిచ్చిండు. పూర్తిగ తగ్గేదాకా రావద్దన్నదమ్మ, పండుకొమ్మన్నది అని చెప్పి పోయిండు. ఆయన ఒక్క మాట ఎక్వ జెప్పలే, తక్వ జెప్పలే."

"నేను చెప్పమన్నది అదే."

"మిగిలింది నువ్వు పంపిన చీరనే చెప్పింది కదమ్మా."

దుర్గవ్వ లేచి, మూలనున్న రేకుపెట్టె తెరిచింది. పైనున్న బట్టలు జాగ్రత్తగా తీసి పక్కన పెట్టి, అడుగు నుంచి ఒక పొట్లం తీసింది. సిల్వియా చుట్టిన కాగితమే. కట్టిన పురికొస కూడా విప్పి మళ్ళీ అదే ముడి వేసినట్టు ఉంది. కాగితం విప్పితే వంగపండు రంగు చీరాల నేత చీర, సన్నటి అంచుతో, మడత కూడా నలగకుండా కనిపించింది.

"మా దిక్కు ఇండ్లల్ల పన్జేసేటోళ్ళకు ఇది అందరికి ఎర్కనే," అంది దుర్గవ్వ. "దొంగతనం మోపి ఎళ్ళగొడితే లొల్లి జేసి ఎళ్ళగొడతరు. మంచిగ జేసినామెను మాన్పియ్యాలంటే ఒట్టి చేతుల పంపరు. నెల జీతం నిండుగ ఇస్తరు, చీర పెడతరు. ఇంటికొచ్చి పెడితే ఇంకింత ఇజ్జత్. మొకం మీద రావద్దని ఎవ్వరనరు. చీర సూస్తే మనమే సమజ్ జేసుకోవాలె. ముసల్దైనా, రోగమొచ్చినా గిట్లనే సాగదోలుతరు. మా అక్కకు గట్లనే పెట్టిండ్రు, రాజేంద్రనగర్ల. ఆమె నెలంత ఏడ్సింది, ఆ చీర మాత్రం కట్టుకున్నది. కట్టుకుంటే ఒప్పుకున్నట్టు."

సిల్వియా చేతిలో గ్లాసు పక్కకు ఒరిగింది. నీళ్ళు కొన్ని చాప మీద ఒలికాయి.

"జీతం మాట?" అంది. "అది నీ సెలవుకు ఇచ్చింది దుర్గవ్వా. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఆఫీసు ఇవ్వలేదూ? నేను మంచంలో ఉంటే నువ్వే కదా సత్తయ్య దగ్గర జీతం తీసుకుని నా దిండు కింద పెట్టింది!"

"నీది సర్కారు నౌకరీ అమ్మా. నాదేంది? ఈ చేతులతోని ఎందరి పిల్లలనో పెంచిన. జరమొచ్చినా పోయిన, కాలు ఇరిగినా కుంటుకుంట పోయిన. పోని దినానికి పైసల్ కోసుకున్నోళ్ళే అందరు. అది తప్పని నేను అనుకోలే, రివాజే గట్లున్నది. పన్జేయని దినాలకు జీతం ఇచ్చినోళ్ళను నేను సూడలే. ఇచ్చిండ్రంటే తెంపుకున్నట్టే అనుకున్న. పసిరికెల మనిషి, పసిపిల్ల ఉన్న ఇల్లు. భయపడ్డదిలే అమ్మ, మొకం మీద చెప్పలేక ఇట్ల మర్యాదగ పంపిందిలే అనుకున్న. నిన్ను తప్పు వట్టలే బిడ్డా. నిజంగ పట్టలే."

అదే సిల్వియాను కోసేసింది. తిడితే తట్టుకునేది. తప్పు పట్టలేదట! ఇన్నాళ్ళూ ఈ మనిషి, తనను రోగమని వదిలేశారనుకుని, వదిలేసినవాళ్ళ మీద జాలిపడుతూ, ఈ రేకుల కింద ఒక్కతే పడుకుని పసరు తాగింది. ఉప్పు లేని అన్నం తానే వండుకుంది. సిల్వియా మాత్రం అక్కడ కూర్చుని తన దయకు తానే మురిసిపోయింది. కాలనీలో నాలుగిళ్ళకు చెప్పుకుంది కూడా. సిల్వియాకు సిగ్గు ముంచుకొచ్చింది.

"అది షాపులో కొన్న చీర కాదు దుర్గవ్వా," అంది. "మా అమ్మ నాకు పెట్టింది. చీరాల నుంచి తెచ్చి, ప్రేమ్ రాజ్ ఇంటికొచ్చినప్పుడు కట్టుకోవే అంది. దాచుకున్నాను."

"అయ్యో! మరి నాకెందుకిస్తివి?"

"మా వైపు అంతే. పెద్ద జబ్బు చేసి లేచినవాళ్ళకు కొత్త బట్ట పంపుతారు. తగ్గాక తలంటుకుని ఆ బట్ట కట్టుకుని, అది పంపినవాళ్ళింటికి వస్తారు. బాగున్నానని చెప్పడానికి. మా అమ్మ ఎంతమందికి పంపేదో! వాళ్ళు కట్టుకుని గుమ్మంలో నిలబడితే అమ్మ వెళ్ళి కావలించుకునేది. నువ్వు ఈ చీర కట్టుకుని గేటు తీసుకుని వస్తావని నేను రోజూ వీధిలోకి చూస్తున్నాను."

ఇద్దరూ ఆ చీర వైపు చూశారు. పాపం, దాని తప్పేముంది? బాపట్లలో రమ్మని పిలిచే చీర, గగన్‌పహాడ్ చేరగానే పొమ్మని చెప్పింది. మోసుకొచ్చిన సత్తయ్యకు గానీ, చుట్టి ఇచ్చిన సిల్వియాకు గానీ, అందుకున్న దుర్గవ్వకు గానీ అనుమానమే రాలేదు. ఎవరి మటుకు వాళ్ళకు అంతా స్పష్టంగానే ఉంది.

"కట్టుకోలే," అంది దుర్గవ్వ. "మా అక్క లెక్క కట్టుకుందామని తీసిన. చేతులు రాలే. కడితే అయిపోతది కదా, మల్ల ఆ ఇల్లు నాది కాదు కదా అని పెట్టెల వెట్టిన."

"ఒక్కసారి వచ్చి అడగొచ్చు కదా!"

"చీర పెట్టినంక గడప ఎక్కొద్దమ్మా. అడుక్కున్నట్టుంటది." చేతిలోని కాగితాన్ని సాఫు చేస్తూ అంది. "గడప ఎక్కలే గాని, మీ గల్లీకి వచ్చిన."

"ఎప్పుడు?"

"జర నడవొచ్చినంక. మీ చర్చి గోడ పక్కకు నిలవడ్డ. పిల్ల గేటు పట్టుకోని సడక్ దిక్కు సూస్తున్నది. నువ్వు గిన్నె పట్టుకోని ఎన్కకెళ్ళి బతిమిలాడుతున్నవ్. తింటలేదు. మల్ల బస్సెక్కి వచ్చేసిన. ఇగ పోవద్దనుకున్న. అయినా ఇంకోపారి పోయిన."

సిల్వియా గ్లాసెత్తి నీళ్ళు తాగేసింది. ఒక్క గుక్కలో మొత్తం తాగేసి, ఖాళీ గ్లాసు కింద పెట్టి, మోకాళ్ళ మీద తలపెట్టుకుని ఏడ్చింది. ఎక్స్ఛేంజీలో పగలంతా వందమంది గొంతులు ఆమె చెవిలోంచే వెళ్తాయి. హలో అంటారు, నంబరు చెప్తారు, లైను కలిస్తే ఆమెను మరిచిపోయి తమవాళ్ళతో మాట్లాడుకుంటారు. ఆ గొంతుల్లో ఒక్కటీ ఆమె కోసం వచ్చింది కాదు. ఇంటికొస్తే ప్రేమ్ రాజ్ ఫోటో, మాటలు సరిగ్గా రాని పిల్ల. వీటి మధ్య ఒక మనిషి గొంతు ఉండేది. ఆ గొంతు లేకుండా గడిచిన రోజుల్లో సిల్వియా వంట చేయడం కూడా మానేసింది.

"నువ్వు లేకపోతే," అంది ఏడుపు మధ్య, "నన్ను తిన్నావా అని అడిగేవాళ్ళు లేరు దుర్గవ్వా."

దుర్గవ్వ చెయ్యి చాచి, ఆమె తల మీద పెట్టబోయి, అంతలో తన జబ్బు గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. సిల్వియా ఆ చేతిని పట్టుకుని తన తల మీద పెట్టుకుంది. బయట రైసుమిల్లు చప్పుడు ఆగి మళ్ళీ మొదలైంది.

"వచ్చేయ్," అంది సిల్వియా కళ్ళు తుడుచుకుని. "పొరపాటైంది. ఇద్దరిదీ. రేపు వచ్చేయ్. సోమవారం నేను డ్యూటీకి వెళ్ళాలి. ఈసారి నీకు జబ్బు చేస్తే నేనే వచ్చి చెప్తాను, ఎవరితోనూ పంపను. చీరలేమీ పంపను."

దుర్గవ్వ నవ్వింది. వెంటనే ఆ నవ్వు పోయింది. ఆమె చూపు మడిచిపెట్టిన బొంత మీదకు వెళ్ళింది.

"మసర్రత్ బేగంకు మాటిచ్చిన అమ్మా."

"ఇంకొకళ్ళను చూసుకుంటారు వాళ్ళు. ఉన్నవాళ్ళు."

"గట్లనకు. నువ్వు చీర పంపినంక నా తానకు వచ్చింది ఆమె ఒక్కతే. ఎవరో చెప్పిండ్రంట ఖాళీగున్ననని. రిక్షా కట్టుకోని వచ్చి, ఈ చాప మీదనే కూసున్నది, నువ్వు కూసున్న తాననే. పసిరికెలైనయి బేగం సాబ్, మీ ఇంట్ల బాలెంత ఉంటది అని చెప్పిన. డాక్టర్ సాబ్‌కు చూపిస్త, ఆయన సరే అన్నంకనే రా, అన్నది. తీసుకపోయి దవాఖానల చూపెట్టింది. పెద్ద కోడలి బిడ్డ పోయిన ఏడు పురిట్లనే పోయింది వాళ్ళకు. ఇప్పుడు చిన్న కోడలు. భయం వట్టుకున్నది. నీ చేతుల మీద పిల్లలు బతుకుతరంట దుర్గవ్వా, అని నా చేతులు వట్టుకున్నది. నేను అల్లా మీద, ఎల్లమ్మ మీద రెండింటి మీద ఒట్టేసిన."

సిల్వియా తను కూర్చున్న చాప వైపు చూసుకుంది. ఆ బేగం వచ్చి ఈ చాప మీద కూర్చుంది. తాను రాలేదు. ఆమె నీళ్ళు కూడా తాగే ఉంటుంది.

"నొప్పులెప్పుడు?"

"ఇయ్యాల రేపు అంటున్నరు. కబురు రాంగనే పోవాలె. పోతే ఆ ఇంట్లనే ఉండాలె, రాత్రి పగలు. నలబై దినాలు గడిచినా ఇడవరు. ఎట్ల ఇడుస్తరు?"

సిల్వియా లేచింది. చెప్పులు వేసుకుంటూ, గుమ్మంలో తిరిగి చూసింది. దుర్గవ్వ చీరను కాగితంలో చుట్టి రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది, ఇవ్వాలా వద్దా తెలియనట్టు.

"తీస్కపో అమ్మా. మీ అమ్మ పెట్టింది."

"తీసుకుపోను. నీకిచ్చింది నీదే. నువ్వు రాకపోయినా నీదే." సిల్వియా రెండో చెప్పు వేసుకుంది. "కట్టుకోమని అడగను. కట్టుకోవద్దని కూడా అనను."

"నన్ను జర సోచాయించనియ్యి. రేపు పొద్దుగాల్ల మీరు చర్చికి పోకముందే ఏదో ఒకటి తేలుస్త. నువ్వు పరేషాన్ గాకు." ఆమె గడప దాకా వచ్చింది. "ఇగ చూడు, పిల్లను కూసోబెట్టి చెంచాతోని తినిపియ్యకు. అది తినది. గోడ మీద నిలవెట్టు. లారీ పోతే ఒక బుక్క. బస్సుకు బుక్క లేదు. బస్సుకు పెడితే థూ అని ఊంచేస్తది."

ఇంటికొచ్చేసరికి ప్రేమావతమ్మ పిల్లను ఎత్తుకుని గేటు దగ్గరే ఉంది. "ఏమంది మీ ఉద్యోగస్తురాలు?" అని అడిగింది. సిల్వియా పిల్లను అందుకుని లోపలికి వెళ్ళింది. ప్రేమావతమ్మ అందుకు నొచ్చుకుందో ఏమో గానీ, ఆ సాయంత్రం తన ఇంటి కిటికీ మూసుకుంది.

పప్పన్నం కలిపి, షెకీనాను ప్రహరీ గోడ మీద నిలబెట్టి, నడుము చుట్టూ చెయ్యేసి పట్టుకుంది సిల్వియా. బెంగుళూరు రోడ్డు మీద పొద్దు వాలుతోంది. సున్నపు రాయి వేసుకుని ఒక లారీ వచ్చింది. ముద్ద పెట్టింది. షెకీనా నోరు తెరిచింది! ఇన్నాళ్ళ తరవాత మారాం లేకుండా మింగింది. తరవాత ఎర్రబస్సు వచ్చింది. సిల్వియా చెయ్యి ఎత్తకుండా ఊరుకుంది. షెకీనా తల్లి మొహంలోకి చూసి, తెలిసిపోయినట్టు నవ్వింది.

"అవ్వ చెప్పిందా?" అంది.

"చెప్పింది."

"అవ్వ వత్తాది?"

ఇంకో లారీ వచ్చింది. సిల్వియా ఇంకో ముద్ద పెట్టింది. గిన్నె ఖాళీ అయింది. పిల్ల కడుపు నిండిందన్న తృప్తి ఒక్క క్షణం నిలిచింది. ఆ తరవాత ఆ ఇల్లంతా మళ్ళీ ఎప్పటిలాగే ఉంది. రెండో గదిలో దీపం వేయాల్సిన అవసరం లేదు. తనకోసం పొయ్యి ముట్టించాలనిపించలేదు. అడుగంటిన మెతుకులు గోకి తిని, పిల్ల పక్కన ఎర్రదారం బొంత అంచు పట్టుకుని పడుకుంది. ఆ బేగం ఇంట్లో కబురు రాకూడదని ప్రార్థన చేయబోయి, పుట్టబోయే బిడ్డ గుర్తొచ్చి, మధ్యలో మానేసింది. చివరికి ఏమడగాలో తెలియక, ఆమేన్ అని ఒక్క మాట అనేసి కళ్ళు మూసుకుంది.

ఆదివారం తెల్లవారింది. సిల్వియా షెకీనాకు తెల్ల గౌను వేసింది, జుట్టుకు రిబ్బను కట్టింది. తానూ తయారైంది. మొదటి గంట మోగింది. వీధిలోంచి బైబిళ్ళు పట్టుకుని నలుగురైదుగురు వెళ్ళారు. ప్రేమావతమ్మ కూడా వెళ్ళింది, ఇటు చూడకుండా. సిల్వియా వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. చర్చికి పోకముందే అంది కదా. మరి పోకుండా ఉంటే ఆ గడువు అయిపోదు. పెద్ద చదువులు చదివిన మనిషి అలా ఆలోచించిందంటే నవ్వొస్తుంది. నవ్వకండి, ఆమె నిజంగానే అలా ఆలోచించింది.

రెండో గంట మోగుతుండగా వీధి మలుపులో వంగపండు రంగు కనిపించింది.

దుర్గవ్వే. తలంటుకున్న జుట్టు ఇంకా తడిగా ఉంది, ముడి వేసుకోలేదు. చీరాల చీర కొత్త గంజి వాసన వేస్తూ, బక్కచిక్కిన ఒంటి మీద నిలవక, కుచ్చిళ్ళు పైకి లేస్తున్నాయి. చంకలో మడిచిన బొంత ఉంది. అది పూర్తయినట్టుంది.

సిల్వియా లేచి నిలబడింది. మెట్ల దాకా వచ్చి ఆగింది. కట్టుకుంది. చీర కట్టుకుంది! బాపట్లలో అయితే ఈ పాటికి పరుగెత్తుకెళ్ళి కావలించుకునేది. కానీ ఈ చీర గగన్‌పహాడ్ నుంచి వస్తోంది. కట్టుకుంటే ఒప్పుకున్నట్టు, ఆ ఇల్లు ఇక తనది కానట్టు. నిన్న ఆమె చెప్పిన మాటే. చీరకున్న ఈ రెండు అర్థాలూ నిన్నటి నుంచి దుర్గవ్వకు తెలుసు. తెలిసే కట్టుకుంది. ఈ వీధి చివర కుడివైపు తిరిగితే కట్టెల అడితి. ఆ ఇంటికే పోతూ, దారిలో చెప్పి పోవడానికి వచ్చిందా? ఆ బొంత ఎవరికి?

"అవ్వా!" షెకీనా తెల్ల గౌనుతో మెట్ల మీద నుంచి దూకి పరుగెత్తింది. గేటు ఊచల్లోంచి రెండు చేతులూ బయటికి చాచింది.

దుర్గవ్వ గేటు అవతల ఆగింది. రోజూ అయితే ఆగదు. ఎవరూ తీయనక్కర లేకుండా, ఊచల మధ్య నుంచి చెయ్యి పెట్టి, లోపలి గడియ తానే ఎత్తుకుని వచ్చేస్తుంది, పొద్దున్నే గోల చేసుకుంటూ. ఇవాళ వంగి, పిల్ల రెండు చేతులనూ తన చెంపలకు ఆనించుకుంది. కళ్ళు మూసుకుంది. ఆ తరవాత తల పైకెత్తి, పిల్ల మీదుగా, ఆ తల్లి వైపు చూసింది.

"తిన్నవా బిడ్డా?" అంది.

సిల్వియా తల అడ్డంగా ఊపింది. ఆమె చూపు దుర్గవ్వ మొహం మీద లేదు. దుర్గవ్వ కుడిచెయ్యి ఊచల మధ్య నుంచి లోపలికి వచ్చి గేటు గడియను పట్టుకుని ఉంది.

పట్టుకునే ఉంది, ఎత్తలేదు.